గాయములు మిగిలిన గెలుపు

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున సంఘ పఠన కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మనము కథల ముగింపులను గూర్చి ఆలోచింపబోవుచున్నాము. శతాబ్ది ఉత్సవముల మధ్య కథల ముచ్చట ఏల అని కొందరికి తోచవచ్చును. దానికి కారణమున్నది. మన యౌవనస్థులలో పలువురు టోల్కీన్, సి.ఎస్. లూయిస్ అను క్రైస్తవ రచయితల అద్భుత కథలను ఆంగ్లములో చదువుచున్నారు. 2001 నుండి 2003 వరకు వెలువడిన మూడు చలనచిత్రముల ద్వారాను, 2005లో వచ్చిన నార్నియా చిత్రము ద్వారాను ఆ కథలు తెలిసినవారు ఇంకను ఎక్కువ. వారు మనలను ఒక ప్రశ్న అడుగుచున్నారు. "దుష్టుడు ఓడినాడు. రాజు సింహాసనమెక్కినాడు. అయినను చివరి పుట చదువునప్పుడు కన్నీరు ఎందుకు వచ్చుచున్నది? అంత దుఃఖము కలిగించిన పుస్తకమునే మరల మరల ఎందుకు తెరచుచున్నాము?" ఈ ప్రశ్నకు జవాబు వెదకినయెడల మన విశ్వాసపు నడిబొడ్డునకే చేరుదుమని మా నమ్మకము.

మాటలాడు మృగములు, మాంత్రికులు ఉన్న కథలు విశ్వాసులు చదువదగునా అని పెద్దలలో కొందరికి సందేహము కలదు. న్యాయాధిపతుల గ్రంథములో యోతాము చెట్లచేత మాటలాడించినాడు. నాతాను ప్రవక్త ఒక గొఱ్ఱెపిల్ల కథ చెప్పి దావీదు మనస్సాక్షిని మేల్కొలిపినాడు. మన ప్రభువు ఉపమానములు లేకుండ జనులకు బోధింపలేదు. కల్పన అబద్ధము కాదు. అది సత్యమును మోసికొనివచ్చు పాత్ర కాగలదు. ఏ పాత్రలో ఏమున్నదో పరీక్షించుట మన బాధ్యత.

మన ఇండ్లలో అవ్వలు, తాతలు కథ ముగించునప్పుడు "కథ కంచికి, మనమింటికి" అందురు. అంతటితో వినువాని మనస్సు తేలికపడును, నిద్ర పట్టును. మనము చెప్పుకొనబోవు కథలు అట్లు ముగియవు. అవి కంచికి పోయినను ఒక పాలు మనతోనే ఇంటికి వచ్చును.

మొదట మనకు చిరపరిచితమైన కథతో ఆరంభింతము. జాన్ బన్యన్ వ్రాసిన "యాత్రికుని ప్రయాణము" మన పెద్దలు తెలుగులో చదివిన పుస్తకము. దాని మొదటి భాగము 1678లోను, రెండవ భాగము 1684లోను వెలువడినవి. అనుమతి లేకుండ బోధించుట మానను అన్నందుకు బన్యన్ బెడ్‌ఫర్డ్ చెరసాలలో పండ్రెండు సంవత్సరములు గడపినాడు. చెరసాల యెరిగినవాడు గనుక ముగింపును సులువుగా వ్రాయలేదు. పరలోకపట్టణము కండ్లకు కనబడుచున్నది. మధ్య నది యున్నది. దానిమీద వంతెన లేదు. ఇంత దూరము నడిచివచ్చిన యాత్రికుడు కూడ ఆ నీటిలో మునిగి భయపడును.

రెండవ భాగములో ఈ విషయము మరింత లోతుగా కనబడును. యాత్రికుని భార్య నది దాటునప్పుడు ఆమె కుమారులు, కోడండ్రు ఈవలి ఒడ్డుననే నిలిచిపోవుదురు. అవతల బాకాలు, స్వాగతము, ఇవతల కన్నీరు. ఊతకఱ్ఱలతో నడిచినవాడు తన కఱ్ఱలను కుమారునికి విడిచిపోవును. సత్యము కొరకు పోరాడిన వీరుడు తన ఖడ్గమును తన తరువాతి యాత్రికునికిచ్చి, దెబ్బల మచ్చలను మాత్రము తనతో తీసికొనిపోవును. అవి రాజునకు చూపవలసిన గురుతులట. ఈ మచ్చల సంగతి జ్ఞాపకముంచుకొనుడి. మన మాట మరల అక్కడికే రావలసియున్నది.

ఇప్పుడు టోల్కీన్ గారి కథకు వత్తము. ఆయన 1892లో దక్షిణాఫ్రికాలో జన్మించినారు. నాలుగేండ్లకే తండ్రిని, పండ్రెండేండ్లకు తల్లిని పోగొట్టుకొన్నారు. 1916లో సోమ్ యుద్ధభూమిలో సైనికాధికారిగా నుండి, కందకములలో వ్యాపించిన జ్వరముచేత ఇంగ్లండునకు తిరిగివచ్చినారు. పాఠశాలనాటి ప్రాణస్నేహితులు ముగ్గురిలో ఇద్దరు ఆ సంవత్సరమే మరణించినారు. యుద్ధము గెలిచిన దేశమునకు తిరిగివచ్చి, గెలుపునకు వెల యెంతో యెరిగిన మనిషి ఆయన. "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్" మూడు సంపుటములుగా 1954, 1955 సంవత్సరములలో అచ్చయినది. అందులో సంఘము లేదు, ప్రార్థనాలయము లేదు, క్రీస్తు నామము లేదు. అయినను అది మూలములోనే విశ్వాస సంబంధమైన గ్రంథమని 1953లో ఒక గురువుగారికి వ్రాసిన ఉత్తరములో ఆయనే చెప్పుకొన్నారు.

చదువనివారి కొరకు కథ క్లుప్తముగా చెప్పుదుము. ఫ్రోడో అను పొట్టి మనిషి, సామాన్యుడు. దుష్టశక్తి అంతయు ఇమిడియున్న ఒక ఉంగరమును శత్రుదేశములోనున్న అగ్నిపర్వతములో పడవేయుట అతనికప్పగింపబడిన పని. తోటమాలియైన సామ్ అతని వెంట నడచును. ఆ ఉంగరమునకు బానిసయైన గొల్లమ్ అను దీనుడు వారి వెంబడి దొంగవలె పాకుచు వచ్చును. చంపదగిన అవకాశములు దొరికినను జాలిపడి ఆ గొల్లమ్‌ను విడిచిపెట్టుదురు.

తుదకు అగ్ని ఒడ్డున ఫ్రోడో నిలిచినప్పుడు ఏమి జరిగినది? అతడు ఉంగరమును పడవేయలేకపోయినాడు. అది తనదేనని వ్రేలికి తొడుగుకొన్నాడు. గొల్లమ్ వచ్చి, ఆ వ్రేలిని కొరికి, ఉంగరముతోకూడ అగ్నిలో పడినాడు. అనగా లోకము ఫ్రోడో బలముచేత రక్షింపబడలేదు. మునుపు చూపిన కనికరము, అందరి శక్తికి మించిన ఒక కృప దానిని రక్షించినవి. ఆ దినమును టోల్కీన్ గారు మార్చి 25గా వ్రాసినారు. అది మరియమ్మకు దూత శుభవార్త చెప్పిన పండుగ దినము.

సాధారణ కథ అక్కడ ముగియును. ఈ కథ ముగియదు. ఇంటికి తిరిగివచ్చిన మిత్రులకు తమ ఊరే పాడుచేయబడి కనబడినది. చెట్లు నరుకబడినవి, ఇండ్లు కూలినవి. చలనచిత్రములో ఈ ఘట్టమును విడిచివేసినారు గాని పుస్తకములో ఇది ముఖ్యమైనది. ఊరు మరల బాగుపడినది. సామ్ మొక్కలు నాటినాడు, పెండ్లి చేసికొన్నాడు, కూతురు పుట్టినది. ఫ్రోడోకు మాత్రము గాయము మానలేదు. శత్రువు కత్తి తగిలిన దినము ఏటేటా తిరిగివచ్చునప్పుడు అతడు జబ్బుపడును. ఊరివారు అతని త్యాగమును అంతగా యెరుగరు, గౌరవింపరు. తిరిగివచ్చి రెండేండ్లు నిండకమునుపే, తాను కాపాడిన ఊరిలో తానే నిలువలేక, ఓడ యెక్కి సముద్రము దాటిపోవును. అతడు పోయిన దేశము పరలోకము కాదనియు, మరణమునకు ముందు స్వస్థత దొరకు స్థలమనియు టోల్కీన్ గారు ఉత్తరములలో వివరించినారు.

సామ్ ఓడరేవునుండి తిరిగి ఇల్లు చేరును. దీపము వెలుగుచున్నది. భోజనము సిద్ధముగా నున్నది. భార్య బిడ్డను అతని ఒడిలో కూర్చుండబెట్టును. అంతే. వేయి పుటల గ్రంథము ఆ గుమ్మము లోపల ముగియును. మన అవ్వల మాటలో చెప్పవలెనన్న, కథ కంచికి పోయినది, సామ్ ఇంటికి వచ్చినాడు; కాని అతని హృదయములో సగము ఓడతోకూడ పోయినది.

దీనిని చదువునప్పుడు నెబో కొండమీద నిలిచిన మోషే మనకు జ్ఞాపకమురావలెను. నలువది సంవత్సరములు జనులను నడిపినవాడు వాగ్దానదేశమును కన్నులార చూచినాడు గాని అందులో అడుగుపెట్టలేదు. దేశము దొరకినది నిజమే. మోషే చేరకపోయినదియు నిజమే. లేఖనము రెండింటిని ప్రక్కప్రక్కనే వ్రాసినది.

ఇప్పుడు లూయిస్ గారి సంగతి. ఆయన 1898లో బెల్ఫాస్టులో జన్మించినారు. 1908లో, ఆయనకు తొమ్మిదేండ్ల ప్రాయమున, తల్లి క్యాన్సర్ వ్యాధితో మరణించినది. ఆమె బ్రదుకవలెనని ఆ పిల్లవాడు ప్రార్థించినాడు, ఆమె బ్రదుకలేదు. తరువాత ఆయన చాలకాలము నాస్తికుడై యుండి, 1931లో క్రీస్తును విశ్వసించినారు. 1950 నుండి 1956 వరకు నార్నియా కథలు ఏడు వెలువరించినారు. 1955లో వచ్చిన "ది మెజీషియన్స్ నెఫ్యూ"లో డిగరీ అను బాలుని తల్లి మరణశయ్య మీద నున్నది. అతడు ఆస్లాన్ అను సింహమును సహాయమడుగును. తల యెత్తి చూచునప్పటికి ఆ సింహము కండ్లలో తనకంటెను పెద్ద కన్నీరు కనబడును. ఆ కథలో తల్లి స్వస్థపడును. తన తల్లికి దొరకని స్వస్థతను ఒక కథలోని తల్లికిచ్చిన ఆ చేతిని తలంచినప్పుడు, ఆ సంతోషమైన పుట కూడ మనకు చెమ్మగా తోచును.

"ది సిల్వర్ చెయిర్" ముగింపులో వృద్ధుడైన కాస్పియన్ రాజు మరణించి స్వచ్ఛమైన నీటిలో పడియుండును. పిల్లలు ఏడ్చుదురు, సింహము కూడ ఏడ్చును. తరువాత సింహము తన పంజాను ముల్లుతో గ్రుచ్చుమనును. ఆ రక్తపు బొట్టు పడగా రాజు యౌవనముతో లేచును. లేపగలవాడు ముందుగా ఏడ్చినాడు! బేతనియలో లాజరు సమాధియొద్ద మన ప్రభువు చేసినది ఇదియే గదా. కొద్ది నిమిషములలో లేపబోవుచున్నానని ఎరిగియుండియు ఆయన కన్నీరు విడిచినాడు. వెంటనే లేచుచున్నాడు గనుక ఏడ్వనక్కరలేదని ఆయన తలంచలేదు.

చివరి పుస్తకము "ది లాస్ట్ బాటిల్", 1956లో వచ్చినది. అందులో నార్నియాయే అంతరించును. నక్షత్రములు రాలును, సూర్యుడు ఆరిపోవును, పీటర్ తలుపు మూసి తాళము వేయును. వారందరు అప్పటికే ఆస్లాన్ దేశములోపల నున్నారు. అయినను లూసీ మూసిన తలుపునొద్ద నిలిచి ఏడ్చును. ఆ ఏడ్పు తప్పని ఎవరును ఆమెను గద్దింపరు. తరువాతనే, పోయినదనుకొన్న నార్నియా అంతకంటె నిజమై, విశాలమై ఎదుట కనబడును. రైలు ప్రమాదములో తామందరు మరణించితిమని కూడ వారికి అప్పుడే తెలియును. ఇంత మహిమలోను ఒక్క చోటు ఖాళీగా నున్నది: అక్కయైన సూసన్ అక్కడ లేదు. ఆమె ఇంకను ఈ లోకములో బ్రదికియున్నది, నార్నియాను చిన్ననాటి ఆటగా మరచినది. ఒక బాలుడు ఆమెను గూర్చి అడిగినప్పుడు, ఆమెకు ఇంకను సమయమున్నదనియు, తనదైన దారిలో చేరవచ్చుననియు లూయిస్ గారు జవాబు వ్రాసినారు. బిడ్డ దూరమైపోయి ప్రార్థించుచున్న తలిదండ్రులు మన సంఘములో ఎందరో కలరు. ఆ ఖాళీ చోటు ఎట్టిదో వారికి చెప్పనక్కరలేదు.

ఇట్టి ముగింపులను పాఠకులు ఎందుకు ప్రేమించుచున్నారు?

దుఃఖమునందు రుచి కలిగి కాదు. కేవలము చేదుతో ముగియు కథలు లోకములో కావలసినన్ని యున్నవి. వాటిని ఒకసారి చదివి ప్రక్కన పెట్టుదురు. ఈ కథలలో గెలుపు నిజమైన గెలుపు. 1939లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున చేసిన ప్రసంగమునుండి పెరిగిన వ్యాసములో టోల్కీన్ గారు ఇట్టి మలుపునకు "యూకటాస్ట్రఫీ" అని పేరు పెట్టినారు. గ్రీకులో "యూ" అనగా మంచి. అంతయు నశించినదనుకొన్న గడియలో ఊహింపని కృప దిగివచ్చుట అని దాని భావము. మానవ చరిత్రలో అట్టి మలుపు క్రీస్తు జననమనియు, ఆ జనన చరిత్రకు అట్టి మలుపు పునరుత్థానమనియు ఆయన బోధించినారు. అయితే ఆ సంతోషము దుఃఖమును లేదనదు. దుఃఖము నిజమైనది గనుకనే ఆ సంతోషము మన కన్నీటిని తెప్పించును.

పాఠకుడు వెదకునది నమ్మదగిన సంతోషము. వెల లేకుండ వచ్చిన గెలుపును మనస్సు నమ్మదు. మన ఇంటిలో అట్లు జరుగలేదని దానికి తెలియును. గెలిచినవాని చేతికి ఒక వ్రేలు తక్కువయైనప్పుడు, ఈ రచయిత మన బ్రదుకును ఎరిగినవాడని నమ్మి, అతడు చెప్పు నిరీక్షణను కూడ నమ్ముదుము.

ఇప్పుడు మచ్చల మాటకు రావలసియున్నది. పునరుత్థానుడైన ప్రభువు మహిమ దేహముతో శిష్యుల మధ్య నిలిచినప్పుడు మేకుల గురుతులు పోలేదు. మరణమును జయించినవానికి ఆ గాయములను మాన్పుకొనుట కష్టమా? అయినను ఉంచుకొన్నాడు. తోమా వెలుగును చూపుమని అడుగలేదు, సూచకక్రియను చూపుమని అడుగలేదు, గాయములను అడిగినాడు. అవి లేకపోయినయెడల ఆయన తన ప్రభువని అతడు గురుతుపట్టియుండడు. ఈ కథలలో మనము ప్రేమించుచున్నది ఆ గురుతులనే. ఈస్టరు ఉదయము శుక్రవారమును చెరిపివేయలేదు. దానిని తనలో పెట్టుకొని వెలుగుచున్నది.

నిర్గమకాండములో విడుదల రాత్రి భోజనమును జ్ఞాపకము చేసికొనుడి. గొఱ్ఱెపిల్ల మాంసముతోకూడ చేదుకూరలు తినవలెనని ఆజ్ఞ. విడుదల పండుగలోనే దాస్యపు రుచి నాలుకకు తగులవలెను. యోబు గ్రంథము ముగింపును కూడ చూడుడి. గొఱ్ఱెలు, ఒంటెలు, ఎద్దులు, గాడిదలు రెండంతలైనవి. బిడ్డలు మాత్రము మునుపటి లెక్కయే, ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. పశువు పోయిన చోట పశువును పెట్టవచ్చును. బిడ్డ పోయిన చోట ఎవరిని పెట్టుదుము? ఎందరు పుట్టినను ఆ చోటు ఆ బిడ్డదే.

సహోదరులారా, ఇది పుస్తకముల విషయము మాత్రమే కాదు. మన కూటములలో సాక్ష్యములు చెప్పించుచున్నాము. జబ్బు నయమైనవారు, ఉద్యోగము దొరకినవారు, సంతానము కలిగినవారు లేచి నిలిచి చెప్పుదురు. మనము "స్తోత్రము" అందుము. అది యుక్తమే. అయితే అదే జబ్బునకు, అదే ఉపవాస ప్రార్థన చేసి, బిడ్డను సమాధి చేసిన తల్లి వెనుక వరుసలో కూర్చుండి వినుచున్నది. ఆమెను మనము పిలుచుటలేదు. ఆమెకు సాక్ష్యము లేదా? ఆదివారము తరువాత ఆదివారము ఆమె మందిరమునకు వచ్చుచున్నది. అంతకంటె పెద్ద సాక్ష్యమేది? మరణము జరిగిన ఇంటికి పోయి, "ఏడ్వవద్దు, నీకు విశ్వాసము లేదా?" అని తొందరపెట్టువారు మనలో కలరు. పౌలు దుఃఖపడవద్దని ఊరకనే వ్రాయలేదు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని వ్రాసినాడు. సింహము ఏడ్చిన చోట, ప్రభువు కన్నీరు విడిచిన చోట, మనమేల త్వరపడవలెను?

మన యౌవనస్థులు ఈ కథలకు ఎందుకు పరుగెత్తుచున్నారో ఇప్పుడు అర్థమగును. సంఘములో చోటు దొరకని దుఃఖమునకు అక్కడ చోటు దొరకుచున్నది. ఆ పుస్తకములను నిందించుటకంటె, ఆ చోటును మన మధ్యనే ఏర్పరచుట మేలు. సాక్ష్యముల కూటములలో జవాబు రాని ప్రార్థనను గూర్చి కూడ మాటలాడనిత్తము. ఆదివారపు బడిలో పిల్లలకు గొల్యాతు పడిపోయిన కథతోబాటు నెబో కొండ కథను కూడ చెప్పుదము. సంఘ గ్రంథాలయములో ఈ పుస్తకములకు ఒక అర కేటాయించి, చదివినవారు చదువనివారికి తెలుగులో కథ చెప్పునట్లు ఏర్పాటు చేయుదము.

శతాబ్ది సంచికలో మనము కట్టిన మందిరములు, పాఠశాలలు, బాప్తిస్మముల లెక్కలు అచ్చగును. అవి దేవుని కృపకు గురుతులు. వాటి వెనుక, విత్తి కోత చూడనివారు కలరు. విశ్వాసము నిమిత్తము ఇల్లు, బంధువులు దూరమై మరల కలియనివారు కలరు. పేర్లు చెరిగిన సమాధులు కలవు. వారి కథ సుఖాంతమా, దుఃఖాంతమా? రెండును కాదు. అది ఇంకను ముగియలేదు. దేవుడు తానే ప్రతి బాష్పబిందువును తుడుచునని ప్రకటన గ్రంథము వాగ్దానము చేయుచున్నది. తుడుచుటకు ముందు ఆయన ఆ కన్నీటిని చూచునని, అది ఎందుకు కారినదో ఎరుగునని మన నమ్మకము. ఆ దినము వరకు, చేదుకూరలు వడ్డించిన ఈ పండుగ బల్లయొద్ద, గాయపడినవారికి మొదటి వరుసలో చోటిచ్చు కృపను ప్రభువు మన సంఘమునకు దయచేయును గాక. ఆమేన్.